చేతికి తెలిసే రోడ్డు

వానాకాలం రాత్రి. ఘాట్ రోడ్డు. వైపర్లు ఆగకుండా కొట్టుకుంటున్నా పది గజాల అవతల ఏముందో కనబడదు. అయినా పాతికేళ్లుగా బస్సు నడుపుతున్న డ్రైవరు తొణకడు. రోడ్డెక్కడ జారుతోందో, గుంత ఎక్కడుందో కళ్లకంటే ముందు అతని చేతులకు తెలుస్తుంది. 'స్టీరింగు తేలిపోతోంది' అని గొణిగి కాలు వెనక్కి తీశాడంటే, ముందు టైర్లకు పట్టు తప్పుతోందని అర్థం.

ఆ 'తెలియడం' కంప్యూటర్లో కారు నడిపేవాడికి ఎలా వస్తుంది? కీబోర్డు మీటలు నొక్కితే రాదు. మామూలు ప్లాస్టిక్ చక్రం బల్లకు బిగించుకున్నా రాదు. లోపల మోటారు ఉన్న చక్రం కావాలి. దాని పేరే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీల్. మనం తిప్పితే తిరగడమే కాదు, అది మన చేతుల్ని తిరిగి తిప్పుతుంది. మలుపులో బరువెక్కుతుంది, గతుకుల్లో వణుకుతుంది, కారు జారబోయే ముందు తేలికైపోతుంది.

ఇది పిల్లలాటే కదా అనుకోనక్కర్లేదు. 2011లో వీడియోగేమ్ పోటీలో నెగ్గిన జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటన్ కుర్రాడు, 2013లో లే మాన్స్ 24 గంటల పోటీలో తన తరగతిలో మూడో స్థానంలో నిలిచిన జట్టులో ఒకడయ్యాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తాయి. ఇలాంటి కొత్త ట్రాకు మీదికి వచ్చే ముందు పోటీ జట్లు దాన్ని సిమ్యులేటర్‌లో నడిపి చూసుకోవడం ఇప్పుడు మామూలే. చేతులకు ముందే పాఠం అయిపోతుంది.

మలుపులో లెక్కలు

ఇంతకీ ఆ చక్రానికి రోడ్డు సంగతి ఎవరు చెబుతారు? ఆటే చెబుతుంది. కారు మలుపు తిరుగుతున్నప్పుడు టైరు రోడ్డును తాకే చోట పక్కకు తోసే బలం పుడుతుంది. అది సరిగ్గా చక్రం మధ్యలో కాకుండా కాస్త వెనగ్గా పనిచేస్తుంది. అందుకే స్టీరింగు తనంతట తాను నిటారుగా రావాలని చూస్తుంది. మలుపు తీసుకున్నాక చేతులు వదులు చేస్తే స్టీరింగు వెనక్కి తిరగడం నిజం కారులో అందరూ చూసేదే. టైరు పట్టు తప్పే హద్దుకు చేరేసరికి ఆ బలం మధ్యకు జరుగుతుంది, స్టీరింగు తేలికవుతుంది. బస్సు డ్రైవరు చెప్పే 'తేలిపోవడం' ఇదే.

మంచి సిమ్యులేటర్ ఆటలు ఈ లెక్కను సెకనుకు వందల సార్లు వేస్తాయి. వచ్చిన అంకెను యూఎస్‌బీ తీగ ద్వారా చక్రానికి పంపుతాయి. 'ఎడమవైపు ఇంత బలంతో లాగు' అనేది అందులో సారాంశం. మోటారు లాగుతుంది. చెయ్యి ఎదురు పట్టుకుంటుంది. నడిపేవాడికీ యంత్రానికీ మధ్య జరిగే సంభాషణ అంతా అదే.

ఈ సంభాషణకు భాష 1990లలో కుదిరింది. 1993లో మొదలైన ఇమ్మర్షన్ అనే అమెరికా సంస్థ ఈ రంగంలో తొలి అడుగులు వేసింది. 1997లో మైక్రోసాఫ్ట్ తన డైరెక్ట్‌ఎక్స్ 5లో దీనికి చోటిచ్చింది. అదే ఏడాది సైడ్‌వైండర్ జాయ్‌స్టిక్‌నూ, మరుసటి ఏడాది స్టీరింగునూ తెచ్చింది. 1999లో యూఎస్‌బీ ప్రమాణాల్లో ఇలాంటి పరికరాల కోసం ప్రత్యేకంగా 'పిడ్' అనే నిబంధనావళి వచ్చింది. అందరూ దాన్నే పాటించి ఉంటే కథ అక్కడితో సుఖాంతం. కానీ పెద్ద కంపెనీలు చాలావరకు ఎవరి భాష వాళ్లు పెట్టుకున్నాయి. ఆ భాషల అర్థం తెలిసిన సాఫ్ట్‌వేర్‌ను విండోస్ కోసం రాసి, డబ్బాతో పాటు ఇచ్చాయి.

పాత కంప్యూటరు, కొత్త ఇల్లు

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే హంగులు చాలా పాత కంప్యూటర్లలో లేవు. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని పారేయలేక లైనక్స్ వైపు చూస్తున్నవాళ్లు ఉన్నారు. లైనక్స్ ఉచితం. దాని మూల రచన ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ పనిని ఇవాళ వేలమంది కలిసి మోస్తున్నారు.

బ్రౌజరు, ఉత్తరాలు, సినిమాలు, లెక్కల పట్టికలు... ఇవన్నీ కొత్త ఇంట్లో హాయిగా సర్దుకుంటాయి. చివర్లో అటక మీంచి దిగుతుంది స్టీరింగు చక్రం. వేలకు వేలు పోసి కొన్నది. కొందరికది ఏడాది పొదుపు. డబ్బా మీద విండోస్ పేరుంది, ప్లేస్టేషన్ పేరుంది. లైనక్స్ పేరు మాత్రం ఉండదు. ఇది పనిచేస్తుందా, లేక పాత సామాన్లవాడికి వెయ్యాల్సిందేనా?

చాలా సందర్భాల్లో పనిచేస్తుంది. కాకపోతే కాస్త ఓపిక కావాలి.

డ్రైవర్లు రాసిన డ్రైవర్లు

కంప్యూటర్ల లోకంలో డ్రైవర్ అంటే పరికరం భాషను వ్యవస్థకు అనువదించి చెప్పే చిన్న ప్రోగ్రాము. లైనక్స్‌లో ఈ అనువాదకులను చాలావరకు రాసింది ఆ చక్రాలను వాడేవాళ్లే.

లైనక్స్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఎలా నడవాలో వివరించే పత్రాన్ని యోహాన్ డెనూ 2001లో రాశారు. 2006లో ఆన్సీ హన్నులా ఆ భాగాన్ని తిరగరాశారు. 'పిడ్' పద్ధతి పాటించే పరికరాల డ్రైవరూ ఆయన చేతిదే. లాజిటెక్ చక్రాల కోసం 2010లో సైమన్ వుడ్ ఓ డ్రైవర్ రాశారు. చక్రం ఎన్ని డిగ్రీలు తిరగాలో మార్చుకునే వీలు 2011లో మిహాల్ మలీ చేర్చారు. థ్రస్ట్‌మాస్టర్ చక్రాలను తట్టి లేపి, వాటి అసలు రూపంలోకి తెచ్చే చిన్న డ్రైవర్ 2021లో దారియో పగానీ ద్వారా వచ్చింది. 2025లో వచ్చిన లైనక్స్ 6.15లో తోమాష్ పకూవా, ఒలెగ్ మకరెంకోల కృషితో మరో డ్రైవర్ చేరింది. మోజా, కామస్ లాంటి కొత్త కంపెనీల చక్రాలు దాంతో మాటవింటున్నాయి.

పావు శతాబ్దం పని అది. ఎక్కడో ఒకరు తన చక్రం తిరగడం లేదని కూర్చున్నారు. యూఎస్‌బీ తీగలో అటూఇటూ పోయే అంకెలను గమనించారు. ఏ అంకెకు మోటారు ఎటు తిరుగుతుందో రాసుకున్నారు. తర్వాతివాళ్లు దాని మీద మరో వరుస పేర్చారు. ఫలితం ఏమిటంటే, ఇరవయ్యేళ్ల కిందటి లాజిటెక్ మోమో చక్రానికీ, 2006 నాటి జీ25కీ, జీ27కీ నేటి లైనక్స్‌లోనూ చోటుంది. తగిలిస్తే చాలు, కొత్తగా ఏదీ ఎక్కించకుండానే గుర్తుపడుతుంది.

బిగించడం మొదలుపెడితే...

ఉదాహరణకు లాజిటెక్ జీ29 తీసుకుందాం. 2015లో వచ్చిన మోడల్. ఆ చివర నుంచి ఈ చివరకు 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరుగుతుంది. దీనికి జీ920 అనే కవల ఉంది. చూడ్డానికి ఒకటే. మొదటిది ప్లేస్టేషన్‌కు, రెండోది ఎక్స్‌బాక్స్‌కు చేసినవి. రెండూ కంప్యూటరుకు తగిలించవచ్చు. అయితే లోపల మాట్లాడే భాషలు వేరు. అందుకే లైనక్స్‌లో వాటిని చూసుకునే డ్రైవర్లూ వేరు. ఒకదాని కోసం రాసిన సలహా రెండోదానికి పనికిరాకపోవచ్చు. కొనేటప్పుడూ, సాయం అడిగేటప్పుడూ మోడల్ పేరు సరిగ్గా చూసుకోవడం అందుకే ముఖ్యం.

మొదటి సంగతి కరెంటు. చక్రానికి విడిగా అడాప్టర్ ఉంటుంది. యూఎస్‌బీ ఒక్కటే తగిలించి, మోటారు చచ్చిపోయిందని బెంగపడేవాళ్లు ఎందరో! అడాప్టర్ పెట్టగానే చక్రం తనంతట తాను ఓ చివర నుంచి ఇంకో చివరకు తిరిగి మధ్యలో ఆగుతుంది. ఆ సమయంలో చేతులు, ఛార్జరు తీగలు, పిల్లల వేళ్లు దూరంగా ఉండాలి. బల్లకు గట్టిగా బిగించాకే తగిలించాలి.

రెండోది మీట. జీ29 మీద పీఎస్3, పీఎస్4 అని చిన్న మీట ఉంటుంది. లైనక్స్‌లో వాడేటప్పుడు పీఎస్3 వైపు ఉండాలి. గంటల తరబడి తంటాలు పడ్డాక కారణం ఆ మీటేనని తేలడం ఈ రంగంలో పాత జోకు.

మూడోది గుర్తింపు. టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అనే ఆదేశం ఇస్తే తగిలించిన పరికరాల చిట్టా వస్తుంది. అందులో చక్రం పేరు కనబడితే తీగ బాగున్నట్టే.

నాలుగోది అనుమతి. లైనక్స్‌కు ప్రతి పరికరమూ ఓ ఫైలే. చక్రం ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి ఆ ఫైలును చదివే హక్కు చాలు. మోటారును తిప్పాలంటే మాత్రం అందులో రాసే హక్కు కూడా కావాలి. చక్రం ఆటలో తిరుగుతుంది, పెడల్స్ పనిచేస్తాయి, బలం మాత్రం రాదు... అలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది ఈ హక్కునే. 'ఓవర్‌స్టీర్' అనే ఉచిత ప్రోగ్రాముతో వచ్చే నిబంధనల ఫైళ్లు ఈ చిక్కును తీరుస్తాయి. తిరిగే డిగ్రీలు, బలం మోతాదు, పెడల్స్ అమరిక వంటివన్నీ ఆ ప్రోగ్రాములోనే, తెర మీద మీటలు జరుపుతూ మార్చుకోవచ్చు.

స్ప్రింగును చూసి మోసపోవద్దు

ఇక్కడే చాలామంది పొరబడతారు. చక్రాన్ని పక్కకు తిప్పి వదిలితే అది మధ్యకు వస్తుంది. 'ఆహా, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వచ్చేసింది' అనుకుంటారు. అది కాదు. మధ్యకు లాగే ఆ బలం చక్రానికి ముందే పెట్టిన ఓ స్ప్రింగు లాంటి ఏర్పాటు. ఆటకూ దానికీ సంబంధం లేదు. గతుకుల రోడ్డైనా, నున్నటి రోడ్డైనా ఒకేలా లాగుతుంది.

నిజం తేల్చడానికి 'ఎఫ్ఎఫ్‌టెస్ట్' అనే చిన్న ప్రోగ్రాము ఉంది. ఒక్కో రకం బలానికి ఒక్కో అంకె. అంకె కొడితే ఆ బలం చేతికి రావాలి. ఒకవైపే లాగే స్థిరబలం, వణుకు, స్ప్రింగు, నూనెలో తిప్పుతున్నట్టుండే నిరోధం... ఇలా. ఏది వస్తోందో, ఏది రావడం లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇది పాసయ్యాక కూడా ఆటలో బలం రాకపోతే తప్పు చక్రానిది కాదు, డ్రైవర్‌దీ కాదు. ఆట వైపు వెతకాలి.

జీ29కి లైనక్స్‌తో పాటే వచ్చే డ్రైవర్‌కు తెలిసింది ప్రధానంగా స్థిరబలం ఒక్కటే. అదేం తక్కువ కాదు. మంచి సిమ్యులేటర్లు టైర్ల లెక్కలన్నీ కూడి, ఒకే బలంగా పంపుతాయి. వాటికి అది సరిపోతుంది. కానీ కొన్ని ఆటలు స్ప్రింగు, నిరోధం, వణుకు విడివిడిగా అడుగుతాయి. వాటి కోసం ఔత్సాహికులు 'న్యూ ఎల్‌జీ4ఎఫ్ఎఫ్' పేరుతో మెరుగైన డ్రైవర్‌ను తయారుచేశారు. అది లైనక్స్‌తో కలిసి రాదు, విడిగా చేర్చుకోవాలి. 'డీకేఎంఎస్' అనే ఏర్పాటుతో చేరిస్తే లైనక్స్ కెర్నెల్ మారిన ప్రతిసారీ డ్రైవరు దానంతట అదే కొత్తదానికి తగ్గట్టు తయారవుతుంది. లేదంటే అప్‌డేట్ అయిన మర్నాడు ఆ అదనపు బలాలు మూగబోతాయి.

ఇంకో అడ్డంకి సెక్యూర్ బూట్. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు సంతకం లేని డ్రైవర్లను లోపలికి రానివ్వని కాపలా అది. ఇలా బయటి నుంచి చేర్చిన డ్రైవర్‌కు సొంత సంతకం పెట్టుకోవాలి, లేదా బయోస్ సెట్టింగుల్లో కాపలాను తీసేయాలి. రెండోది సులువు. మొదటిది క్షేమం.

మైకుసెట్టు పాఠం

అన్నీ కుదిరాక చాలామంది చేసే పని బలాన్ని నూటికి నూరు పెట్టడం. చెయ్యి నొప్పెడితేనే అసలు మజా అని నమ్మకం. పెళ్లిలో మైకుసెట్టు శబ్దం చివరిదాకా పెంచితే ఏమవుతుంది? పాట వినబడదు, గరగర వినబడుతుంది. ఇక్కడా అంతే. మోటారు ఇవ్వగలిగింది కొంతే. ఆట అంతకంటే ఎక్కువ అడిగితే పెద్ద గుంతకూ, చిన్న మలుపుకూ ఒకే గరిష్ఠ బలం వస్తుంది. మధ్యలో ఉన్న సూక్ష్మమైన కబుర్లన్నీ కొట్టుకుపోతాయి. టైరు జారబోతోందన్న హెచ్చరిక అలాంటి కబురే. బలం తగ్గిస్తే రోడ్డు ఎక్కువ తెలుస్తుందన్నది వింతగా ఉన్నా నిజం.

డిగ్రీల సంగతీ చూసుకోవాలి. మామూలు కారుకు 900 బాగుంటుంది. రేసు కారుకు అంత తిప్పితే మలుపు దాటిపోతుంది. లారీకి ఇంకా ఎక్కువ కావాలి. ఆటలో పెట్టిన అంకె, చక్రానికి పెట్టిన అంకె ఒకటి కాకపోతే తెర మీది చేతులు ఓ దారి, మన చేతులు ఓ దారి.

పెడల్స్‌కూ ఓ చిన్న చిట్కా ఉంది. తగిలించిన వెంటనే, ఒక్కసారైనా తొక్కేదాకా, అవి ఎక్కడున్నాయో వ్యవస్థకు తెలియదు. సగం తొక్కినట్టు అనుకునే ఆటలుంటాయి. కారు దానంతట అదే కదులుతున్నా, బ్రేకు పట్టేసినట్టున్నా కంగారు పడనక్కర్లేదు. మూడింటినీ ఓసారి పూర్తిగా తొక్కి వదిలితే సర్దుకుంటుంది.

అరుదుగా బలం తిరగబడుతుంది. మధ్యకు రావాల్సిన చక్రం పక్కకు పరుగెడుతుంది. అది భూతం కాదు, ప్లస్, మైనస్‌లు తారుమారు కావడం. ఆట సెట్టింగుల్లో 'ఇన్వర్ట్' అనే చోట దిశ మారిస్తే సరి.

ఏ ఆటలు?

లైనక్స్‌లోనే పుట్టి పెరిగిన ఉచిత ఆటలు కొన్ని ఉన్నాయి. 'టార్క్స్', దాన్నుంచి చీలి వచ్చిన 'స్పీడ్ డ్రీమ్స్', 'వీడ్రిఫ్ట్' లాంటివి. చక్రం కొత్తగా బిగించినవాళ్లు పైసా ఖర్చు లేకుండా చెయ్యి తిప్పుకోవడానికి ఇవి చాలు. 2017లో ఫెరల్ సంస్థ 'డర్ట్ ర్యాలీ'ని లైనక్స్‌కు తెచ్చింది.

అసలు మలుపు 2018 ఆగస్టులో వచ్చింది. వాల్వ్ సంస్థ 'ప్రోటాన్' అనే అనువాద పొరను విడుదల చేసింది. విండోస్ కోసం రాసిన ఆట మాటలను లైనక్స్‌కు అర్థమయ్యేలా అది అప్పటికప్పుడు మారుస్తుంది. ఆట 'మోటారును ఎడమకు లాగు' అని విండోస్ భాషలో అంటే, ఆ మాట ప్రోటాన్ గుండా, కెర్నెల్ గుండా ప్రయాణించి చక్రంలో బలమవుతుంది. ఇటలీ సంస్థ కునోస్ 2014లో తెచ్చిన 'అసెట్టో కోర్సా' విండోస్ ఆటే. అదీ ఈ దారిలో లైనక్స్‌లో నడుస్తుంది.

అన్నీ నడవవు. మోసగాళ్లను పట్టుకోవడానికి కొన్ని ఆటలు పెట్టుకున్న నిఘా ప్రోగ్రాములు లైనక్స్‌ను ఒప్పుకోవు. 'ఈఏ స్పోర్ట్స్ డబ్ల్యూఆర్‌సీ' మొదట ప్రోటాన్ మీద నడిచేది. 2024లో అలాంటి నిఘా చేర్చడంతో లైనక్స్‌లో ఆగిపోయింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు, ఏ తప్పూ చేయకుండానే గేటు బయట నిలబడ్డారు. ఆన్‌లైన్ పోటీలే ప్రాణమనుకునేవాళ్లు ఆట కొనే ముందు ఈ సంగతి తప్పక కనుక్కోవాలి. విండోస్‌ను పూర్తిగా తీసేయకుండా పక్కన ఉంచుకోవడం వాళ్లకు తెలివైన పని.

కొత్తగా చక్రం కొనేవాళ్లకూ ఇదే సూత్రం. అంగడిలో ముందు అడగాల్సింది ఎన్ని న్యూటన్ మీటర్ల బలం అని కాదు. లైనక్స్‌లో దానికి డ్రైవరుందా, ఉంటే కెర్నెల్‌లోనే ఉందా, బయటి నుంచి తెచ్చుకోవాలా అని. థ్రస్ట్‌మాస్టర్ టీ300, ఫనాటెక్ లాంటి వాటికి బయటి డ్రైవర్లు ఉన్నాయి. బాగానే పనిచేస్తాయి కానీ అవి ఒకరిద్దరు ఔత్సాహికుల తీరిక మీద నడిచేవి. 'పిడ్' ప్రమాణాన్ని పాటించే చక్రమైతే రేపటికి భరోసా ఎక్కువ.

ఎవరి సొత్తు?

కంపెనీ అమ్మిన రోజున చక్రం మనదవుతుంది. దాన్ని తిప్పే సాఫ్ట్‌వేర్ మాత్రం కంపెనీదే. కొత్త మోడల్ వచ్చాక పాతదాన్ని పట్టించుకోవాలన్న నియమం ఏదీ లేదు. మోటారు బాగుంటుంది, గేర్లు బాగుంటాయి, తోలు తొడుగు కూడా చెక్కుచెదరదు. మాట్లాడేవాళ్లు లేక వస్తువు చచ్చిపోతుంది.

లైనక్స్ డ్రైవర్ల తీరు వేరు. ఎవరూ హామీ ఇవ్వరు. వారంటీ కాగితం ఉండదు. ఫోన్ చేసి తిట్టడానికి నంబరూ ఉండదు. కానీ రాసింది అందరి కళ్ల ముందూ ఉంటుంది. రాసినవాళ్లు వెళ్లిపోయినా ఇంకొకరు వచ్చి అందుకోవచ్చు. 2001లో ఒకరు మొదలుపెట్టిన పనిని 2025లో ఇంకొకరు ముందుకు తీసుకెళ్లడం అలాగే జరిగింది. వాళ్లకు జీ27 ఉన్న ఏ కుర్రాడి పేరూ తెలియదు. ఆ కుర్రాడికీ వాళ్ల పేర్లు తెలియవు.

ఆదివారం మధ్యాహ్నం, అటక మీంచి దిగిన చక్రాన్ని బల్లకు బిగించి, మీట సరిచేసి, మూడు పెడల్స్ ఓసారి తొక్కి వదిలి, మొదటి మలుపు తిప్పినప్పుడు చెయ్యి కింద చక్రం బరువెక్కుతుంది. ఇంకాస్త వేగం పెంచితే మెల్లగా తేలిపోవడం మొదలవుతుంది. అప్పుడు కాలు వెనక్కి తీయాలి. ఎప్పుడు తీయాలో బస్సు డ్రైవరుకు పాతికేళ్ల రోడ్డు నేర్పింది. ఈ కుర్రాడికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.